బుగ్గల మేస్త్రి ఊపిరి

బుగ్గలు కాదు, ఛాతీ. బుగ్గలు కాదు, ఛాతీ. ఫ్యాక్టరీ ఆసుపత్రి వరండాలో గోడకానించిన బల్లమీద కూర్చుని బుగ్గల మేస్త్రి ఈ రెండు ముక్కలనే పెదవి కదపకుండా వల్లె వేసుకుంటున్నాడు. చేతిలోని చీటీమీద పద్నాలుగు. లోపలికి వెళ్ళింది ఏడో నంబరు. మనిషికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా దగ్గర దగ్గర గంట. గంటంటే ఇదివరకు మూడు సిగరెట్లు. చూశారా, మనిషి మానేసినా లెక్క మానదు. బస్సు కోసం నిలబడితే ఒకటి, మంగలి దగ్గర వంతు వచ్చేలోగా రెండు, కూతురు పుట్టిన రోజున పురిటిగది బయట పెట్టెడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాలాన్ని పొగతోనే కొలిచాడు. ఇప్పుడు గంటంటే గంటే, అరవై నిమిషాలూ ఎదురుగా వచ్చి నిలబడతాయి, ఒక్కటీ తప్పుకోదు. పక్కన భార్య తన పాటికి తాను బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుట్టుకుంటోంది. దర్జీ పని చేసేవాళ్ళకు ఎదురుచూడటం అంటూ ఉండదు, సంచిలో ఎప్పుడూ ఒక చొక్కా ఉంటుంది. ఆమె ఇవాళ కుట్టుమిషను ఆపేసి మరీ ఎందుకు వచ్చిందో అతనికి తెలుసు. తోడుకి వచ్చానంది. తన కళ్ళతో చూసి పోదామని వచ్చింది. అనకపోయినా తెలియదా ఏం, ముప్పై ఏళ్ళ కాపురం.

అరవై ఐదు. రావలసింది అరవై ఐదు. ఈ వయసుకి, ఈ ఎత్తుకి ఉండవలసిన ఊపిరి నూరు అనుకుంటే, మంట దగ్గర పనిచేసేవాడికి అందులో అరవై ఐదైనా ఉండి తీరాలని యాజమాన్యం పెట్టిన నియమం. పోయినేడు తనకు వచ్చింది యాభై తొమ్మిది. ఏడాది గడువిచ్చారు. ఇవాళ అరవై ఐదు రాకపోతే రేపు పొద్దున్నుంచి ప్యాకింగు గదిలో కూర్చుని, ఎవరో ఊదిన గాజుకి కాగితాలు చుట్టాలి. కాగితాలు చుట్టడం తప్పుపని ఏమీ కాదు, అక్కడివాళ్ళూ మనుషులే, కానీ ఇరవై లీటర్ల గుండ్రటి ఫ్లాస్కుని మంటలో తిప్పుతూ తిప్పుతూ అది ఎర్రబడి మెత్తబడి చేతికి లొంగే క్షణం ఎరిగినవాడు ఆ ఫ్లాస్కుకి గడ్డి కూరుతూ ఎలా బతుకుతాడు? డాక్టరు ముందే చెప్పేశాడు, పోయిన ఊపిరి పోయినట్టే, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు, మానేసి మందు పీలుస్తూ ఉంటే కొంచెం పైకి రావచ్చు, ఆశ పెట్టుకోకు అని. ఆశ పెట్టుకోకుంటే ఈ ఏడాది గడిచేదా? ఆయనకేం, ఆయనకు చల్లటి గది, తిరిగే కుర్చీ. బుగ్గలు కాదు, ఛాతీ.

ఈ బుగ్గల పేరు ఊరికే రాలేదు. ప్రయోగశాలల్లో వాడే గాజు సామాను ఊదేవాడు ఊపిరితో ఊదుతాడని లోకం అనుకుంటుంది. ఊదడు. మొదటిరోజే పెద్దమేస్త్రి తలమీద ఒక్కటి మొట్టి చెప్పాడు. "ఒరేయ్, ఛాతీతో ఊదేవాడు మధ్యాహ్నానికల్లా పడిపోతాడు. గాలి ముక్కుతో తెచ్చుకో, బుగ్గలో దాచుకో, బుగ్గతోనే ఖర్చుపెట్టు." పళ్ళ మధ్య రబ్బరు గొట్టం, గొట్టం అవతలి కొసన మంటలో గాజు, ఇవతల రెండు బుగ్గలూ తోలుతిత్తుల్లా ఉబ్బి మెల్లమెల్లగా తగ్గుతుంటాయి, ఈలోగా ముక్కు తన పని తాను చేసుకుపోతుంటుంది. గాలి తెగదు, గాజు కుంగదు. మూడు నెలల్లో పట్టుబడింది ఆ విద్య, మూడేళ్ళకు గాజు ఊదే షాపులో తన అంత నిలకడగా ఊదేవాడు లేడన్నారు, ఆ తర్వాత అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అత్తగారు కూడా "మా బుగ్గల అల్లుడు" అనేది, ఎంత చెప్పినా వినేది కాదు. ఆ బుగ్గలే ఇవాళ పగవాళ్ళయి కూర్చున్నాయి.

ఎదురుగోడ మీద ఆ అమ్మాయి రంగు పెన్నులతో గీసి అతికించిన పెద్ద కాగితం ఉంది. ఆ అమ్మాయంటే లోపల ఊపిరి పరీక్ష చేసే టెక్నీషియను. పేర్లు అడక్కుండా తలలు మాత్రం లెక్కేసుకుని, మన ఫ్యాక్టరీలో పొగతాగేవారు, ఏటేటా, అని పైన రాసి కింద నిలువు పట్టీలు గీసింది. మొదటి పట్టీ కాగితం అంచుదాకా పోయింది, చివరిది మోకాలి ఎత్తు కూడా లేదు. కాగితం మీద అది రంగు. అతనికి మాత్రం అది వెనక పెరడు, రేకుల పందిరి, భోజనాల గంట కొట్టగానే నలభైమందిలో ముప్పై ఆరుమంది బిలబిలమంటూ వచ్చి నిలబడే చోటు. మిగిలిన నలుగురినీ జబ్బు మనుషుల్ని చూసినట్టు చూసేవాళ్ళు, పాపం వీడికేమైందో అని. సిగరెట్టు బర్నరు మంటకే ముట్టించుకోవాలి, అదీ మర్యాద, అగ్గిపుల్ల గీసినవాడు మా షాపువాడే కాదు. ముఖం పక్కకి వంచి, రెప్ప కాలకుండా, నీలి మంట కొసకి సిగరెట్టు కొసని తాకించి తీసేయడం, అది కూడా ఒక పనితనమే, కొత్తవాడు కనుబొమలు కాల్చుకుంటే పందిరంతా నవ్వు. ఆ పందిరి కింద ఎన్ని కబుర్లు, ఎన్ని తగాదాలు, ఎన్ని పెళ్ళిళ్ళు కుదిరాయని! తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేరు. ఒకడు గుండె పట్టుకుని పడిపోయాడు. ఒకడు మనవరాలు ముద్దుపెట్టుకోనివ్వడం లేదని మానేశాడు. ఇంకొకడికి కాలి నరాలు మూసుకుపోయి వేళ్ళు తీసేశారు, అది కూడా పొగ వల్లేనంటే కాలికీ పొగకీ ఏం సంబంధమని అందరూ డాక్టరు మీద ఎగిరారు. కొత్తగా చేరినవాళ్ళు చల్లటి సీసాలు పట్టుకుని ఫోన్లు చూసుకుంటారు గానీ పెరటికేసి రారు. ముప్పై ఆరు ఇరవై అయింది, ఇరవై పదకొండయింది, పోయినేటికి ఐదు. చివరి రోజుల్లో, మిగతా నలుగురూ రానప్పుడు, ఆ పందిరి కింద తానొక్కడే నిలబడి పొగ వదులుతుంటే, పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిట్లో మిగిలిపోయిన చుట్టంలా ఉండేది.

పక్కనే ఇంకో కాగితం, వయసులవారీగా. ఇరవైల్లో ఉన్నవాళ్ళ పట్టీ జానెడు కూడా లేదు. నలభై ఐదు దాటినవాళ్ళది మాత్రం అన్నిటికన్నా పొడుగ్గా, సిగ్గులేకుండా నిలబడింది. అది మనమే, అనుకున్నాడు. నేర్పినవాళ్ళు పోయారు, నేర్చుకోవలసినవాళ్ళు నేర్చుకోలేదు, మధ్యలో మనం ఇరుక్కున్నాం. కానీ ఈ ఏడాది గీతలో ఆ పట్టీ కొంచెం కురచవుతుంది. ఆ కురచైన ముక్క తనే. ఆ మాట తోచగానే మేస్త్రికి నవ్వొచ్చింది, బుగ్గలు ఉబ్బాయి, భార్య తలెత్తి చూసింది, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

అసలు మోసం ఎక్కడ జరిగిందంటే, పాత పరీక్షలో. ఇదివరకు ఇక్కడ ముసలి కాంపౌండరు ఉండేవాడు, యంత్రమూ లేదు గింత్రమూ లేదు, వంకర తిరిగిన గాజుగొట్టంలో రంగునీళ్ళు పోసి, ఇటునుంచి ఊది నీటిని గీతదాకా ఎత్తి నిలబెట్టమనేవాడు. ఇరవై సెకన్లు నిలబెడితే పాసు. ఆ గొట్టం వంచిందీ తనే, గీత చెక్కిందీ తనే. ఏటా షాపు మొత్తం వరసగా వచ్చేది, బుగ్గలు ఉబ్బించేది, ముక్కుతో దర్జాగా గాలి తెచ్చుకునేది, నీళ్ళు గీత దగ్గర శిలలా నిలబడేవి. తను ఒకసారి రెండు నిమిషాలు నిలబెట్టాడు. "ఏనుగు ఊపిరితిత్తులయ్యా నీవి!" అన్నాడు కాంపౌండరు. చప్పట్లు కొట్టారు. రిజిస్టరు నిండా అందరికీ బ్రహ్మాండం, బ్రహ్మాండం అని రాశాడు ఆ మహానుభావుడు. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసనుకున్నారు, తెల్లవారి దగ్గొస్తే గాజుపొడి అనుకున్నారు, ఛాతీ మూలపడి ఎన్నాళ్ళయిందో ఒక్కడికీ తెలియలేదు, ఎందుకంటే బుగ్గలు బాగున్నాయి. నలభైమంది మంచి పనివాళ్ళు తమ పనితనంతో తమనే మోసం చేసుకున్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అంతే.

పోయినేడు కాంపౌండరు పోయి ఈ అమ్మాయి వచ్చింది. రాగానే చేసిన మొదటి పని, బట్టలారేసుకునే క్లిప్పులాంటిది ఒకటి తీసి మేస్త్రి ముక్కుకి పెట్టింది. "ఇదేంటమ్మా?" అంటే "ముక్కుతో పీల్చకుండా, బాబాయిగారూ" అంది నవ్వుతూ. అంతే. ముప్పై ఏళ్ళ విద్య ఆ క్లిప్పు దగ్గర ఆగిపోయింది. బుగ్గలో ఉన్నదేదో ఉఫ్‌మని పోయింది, వెనక నుంచి రావలసింది రాలేదు, ఛాతీలో వెతుక్కుంటే తుప్పుపట్టిన కుళాయి తిప్పినట్టు గరగరమని నాలుగు చుక్కలు. తర్వాత పది నిమిషాలు దగ్గు. ఆ అమ్మాయి యంత్రం చూసి మెల్లగా, పెద్దవాళ్ళకు చావు కబురు చెప్పినట్టు చెప్పింది. "మీకు యాభై రెండు కదా. మీ ఊపిరితిత్తులకి డెబ్బై నాలుగు." కాగితం తిప్పి అడిగింది, రోజుకెన్ని, ఎన్నేళ్ళు? అప్పుడు మేస్త్రి ఏమన్నాడంటే, అది తలచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి, "ఆరేళ్ళ కిందటే మానేశానమ్మా" అన్నాడు. ఎందుకంటే పక్కన భార్య ఉంది. ఆరేళ్ళ కిందట కూతురి మీద ఒట్టేసి ఆమెకి చెప్పిన మాట అది. ఆమె నమ్మింది. నమ్మి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "మానేసి ఆరేళ్ళయినా ఇంతేనా అమ్మా? ఇంకేం చేస్తే తగ్గుతుంది?" అని అడిగింది, కళ్ళనిండా నీళ్ళతో. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ అది ఎప్పుడు చీలింది గనక.

భూమి చీలలేదు, వాన పడింది. బస్టాపు దగ్గర ఆమె అతని గొడుగు అందుకుని విప్పింది. ఆ గొడుగు పిడి బోలుది. అందులో మేస్త్రి తన చేత్తో ఊది, బిరడా అరగదీసి, వాసన అణువంత బయటికి రాకుండా చేసిన గాజుగొట్టం, ఆ గొట్టంలో ఐదు సిగరెట్లు. ఎంత చక్కటి పని అది, ఏ ప్రయోగశాలకైనా అమ్మదగ్గ పని! జారి రోడ్డుమీద పడి పగిలింది. ఐదు సిగరెట్లూ వాననీళ్ళలో తేలుతూ పోయాయి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "ఆరేళ్ళు" అంది, అంతే. ఆ రోజునుంచి మేస్త్రి టైమెంతయిందో చెప్పినా ఆమె గోడ గడియారం చూసుకునేది. తలుపు వేశానంటే లేచి వెళ్ళి గడియ చూసి వచ్చేది. మాటామంతీ మామూలే, భోజనం మామూలే, నవ్వూ మామూలే, నమ్మకం మాత్రం ఇంట్లోంచి లేచిపోయింది. యాభై తొమ్మిదిని అరవై ఐదు చేయడం ఎలాగో డాక్టరు చెప్పాడు. ఇది ఎలాగో చెప్పేవాడు లేడు.

మర్నాడే మానేశాడు. మానేయడమంటే తేలికా? చేతులేం చేయాలో చేతులకి తెలియదు. నోట్లో రబ్బరు గొట్టం ముక్క పెట్టుకుని కొరికాడు. అయినదానికీ కానిదానికీ అరిచాడు, ఒకరోజు సరిగ్గా మూయని కిటికీని నిలబెట్టి తిట్టాడు, పక్కింటివాళ్ళు తమనేమో అనుకున్నారు. ఒకసారి ఖాళీగా కూర్చుని లెక్కేశాడు, రోజుకి ఇరవై చొప్పున ముప్పై ఒక్క ఏళ్ళంటే రెండు లక్షల ఇరవై ఆరు వేలు. గాజుపనివాడికి ఏదైనా గొట్టాలుగానే కనిపిస్తుంది. ఒకదాని కొసన ఒకటి అతికిస్తే పంతొమ్మిది కిలోమీటర్ల గొట్టం. ఇక్కడ మొదలుపెట్టి నడిస్తే నాలుగు గంటలు పడుతుంది కొస చేరడానికి, ఆ గొట్టమంతా ఈ ఛాతీలోంచి లాగాడు. నూట పద్దెనిమిది రోజులు గడిచాయి. ఆ రోజు పెద్దమేస్త్రిని చూడబోయాడు. మంచం పక్కన యంత్రం గుడగుడలాడుతోంది, ముక్కులో సన్నటి గొట్టం, మనిషి దుప్పటిలో ఒక మడతలా ఉన్నాడు, అయినా నోరు ఊరుకుంటేనా. "ఒరేయ్ బుగ్గలూ... ముక్కుతో... తెచ్చుకోమన్నానా... ఇప్పుడు ముక్కుకి... ఇదే... తెచ్చి పెడుతోంది" అని నవ్వబోయి నీలంగా మారిపోయాడు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు మేస్త్రి. బయటికి వచ్చాడు. మలుపు దగ్గర కొట్లో ఒకటి కొన్నాడు, ముట్టించాడు, కొసదాకా కాల్చాడు. అంత భయం చూసి వచ్చి ఆ భయం తీరడానికి అదే కావలసివచ్చింది. మనిషి బుద్ధి కుక్కతోకంటారు, కుక్కతోకే నయం, అది పొగ తాగదు.

ఆ సాయంత్రం కుట్టుమిషను ముందు నిలబడి చెప్పేశాడు. ఎవరూ పట్టుకోలేదు, వాసన కూడా లేదు, నోరు కడుక్కునే వచ్చాడు, అయినా చెప్పాడు. ఆమె కాళ్ళు ఆగాయి. "ఎన్ని?" అంది. ఒకటి అన్నాడు. "సగమా, మొత్తమా?" మొత్తం అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది, సూదిలోకి దారం ఎక్కిస్తున్నప్పుడు చూసే చూపు. "సరే. రేపు ఒకటో రోజు" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నమ్మిందో లేదో చెప్పలేదు. అడిగే ముఖం అతనికి లేదు. అప్పటినుంచి లెక్కే, ఒకటి, రెండు, మూడు, ఇవాళ్టికి రెండు వందల ఇరవై మూడు.

ఎనిమిదో నంబరు, తొమ్మిదో నంబరు. లోపల్నుంచి ఆ అమ్మాయి కేకలు, గట్టిగా గట్టిగా గట్టిగా, ఇంకా ఇంకా ఇంకా. పరుగుపందెంలో పిల్లల్ని ఉసికొలిపినట్టు అరుస్తుంది తల్లి. స్పిరిట్టు వాసన వస్తోంది. కాజా కుట్టే కొత్తబట్ట గంజివాసన వస్తోంది. పదో నంబరువాడు రాసుకున్న కొబ్బరినూనె వాసన వస్తోంది. ఇవన్నీ వస్తున్నాయి! అరవయ్యో రోజునో ఎప్పుడో ఒక పొద్దున లేచి ఇంట్లో ఏదో తెలియని వాసనేమిటని ఇల్లంతా వెతికాడు, తీరా చూస్తే అది కుట్టుమిషను నూనె. పాతికేళ్ళుగా అదే నూనె అదే మూల, తనకు తెలియదు. ఇక మెట్లు. వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు. పోయినేడు రెండుచోట్ల ఆగి, ఫోనొచ్చినట్టు నటించి, ఊపిరి తీసుకుని ఎక్కేవాడు. పోయిన నెల రిపేరు నుంచి మిషను తల తెచ్చారు, ఉత్త ఇనుము, భుజాన వేసుకుని ఎక్కాడు. మొదటి మలుపు. రెండో మలుపు. ఆగుదామనుకున్నాడు, కాళ్ళు ఆగలేదు. పైకి వెళ్ళి మిషను దించి నిలబడి చూసుకుంటే, ఇంకా ఊపిరి ఉంది! లోపల మిగిలి ఉంది! ఖర్చయిపోలేదు! ఎవరికి చెప్పాలో తెలియక గడప మీద నిలబడి పకపకా నవ్వాడు. కింద ఇంటావిడ తలుపు తీసి "ఏమైందండీ?" అని అడిగింది. ఏం కాలేదమ్మా, మెట్లెక్కానంతే అన్నాడు. ఆవిడకేం అర్థమవుతుంది. డెబ్బై నాలుగేళ్ళవాడు యాభై మూడేళ్ళవాడిని మోసుకుంటూ ఎక్కి, వాడిని పైన దించి తను వెళ్ళిపోయాడు, అదీ జరిగింది. ఆ అరవై ఐదు ఇవాళ రాకపోతే రాకపోనీ, అనుకోబోయి ఛీ అనుకున్నాడు. ఎందుకు రాదు? వచ్చి తీరాలి.

"పద్నాలుగు!"

లోపల కుర్చీ నిటారుగా ఉంది. ఏడాది కిందటి క్లిప్పు వచ్చి ముక్కుమీద కూర్చుంది. నోట్లో అట్టగొట్టం. "మూడుసార్లు ఊదాలి, మూడింట్లో ఏది ఎక్కువైతే అది రాస్తాను. నిండా పీల్చండి. ఇంకా. ఇంకా. ఊదండి! గట్టిగా గట్టిగా గట్టిగా! ఇంకా ఇంకా ఇంకా!" ఊదాడు. బుగ్గలు కాదు ఛాతీ, బుగ్గలు కాదు ఛాతీ, కానీ గొట్టం పళ్ళ మధ్యకి వచ్చేసరికి ముప్పై ఏళ్ళ అలవాటు ఎవరి మాట వింటుంది, బుగ్గలు రెండూ గుండ్రంగా లేచి కూర్చున్నాయి. అరవై ఒకటి. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించింది. అరవై మూడు. దగ్గు రాలేదు, అది ఆమె కూడా చూసింది, తల ఊపింది. కానీ అరవై మూడు అరవై మూడే. చెమట పట్టింది. మనసు అప్పుడే ప్యాకింగు గదికి వెళ్ళి కాగితాలు లెక్కపెడుతోంది.

"బాబాయిగారూ, గాలి ఉందండీ మీ దగ్గర. ఛాతీ తన్నే మొదటి తోపంతా బుగ్గల్ని ఉబ్బించడానికే పోతోంది. బయటికి తర్వాత తీరిగ్గా వస్తోంది. బుగ్గలు పట్టుకోవాలి."

"ఎలా పట్టుకోను తల్లీ? ఈ చేత్తో గొట్టం, ఇంకో చెయ్యి ఒక బుగ్గకేగా" అన్నాడు మేస్త్రి.

"అయినా పట్టుకోవచ్చా అలా? తర్వాత అధికారులు మోసం అంటారేమో" అని తనే మళ్ళీ అడిగాడు. పాత దొంగకి భయాలెక్కువ.

"మోసం ఇంతకాలం మీ బుగ్గలు చేశాయి. ఇది కాదు. మీతో ఎవరైనా వచ్చారా?"

భార్య వచ్చింది, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగిన అంగుస్తాను అలాగే ఉంది, తీసి జేబు లేక కొంగున ముడేసుకుంది. సంగతి విని ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంతమంది ముందా?" అంది. ముందు ఉన్నది ఆ అమ్మాయి ఒక్కతే. వెనక్కి వచ్చి నిలబడి రెండు అరచేతులూ అతని రెండు బుగ్గలకి ఆనించి నొక్కింది. కత్తెర పట్టీ పట్టీ కాయకాసిన చేతులు, గరుకుగా, వెచ్చగా, కొత్తబట్ట వాసనతో. ఈ బుగ్గల్ని ఇలా పట్టుకుని ఎన్నాళ్ళయింది, గొడుగు గొట్టం పగిలిననాటినుంచీ, కాదు, అంతకు ముందునుంచీ. "గట్టిగా పట్టుకోండి పిన్నిగారూ, వదలొద్దు" అంది ఆ అమ్మాయి. "వదలనమ్మా" అంది ఆమె. పీల్చాడు. అడుగునుంచి, నడుము దగ్గర్నుంచి, మూడో అంతస్తు మెట్లమీద మిగిలిన చోటునుంచి, పక్కటెముకలు తలుపుల్లా తెరుచుకున్నాయి, నిండింది, ఇంకా నిండింది, ఇక చాలు అన్నచోట ఇంకో గుక్క. ఊదండి! వదిలాడు. బుగ్గలు లేవబోయాయి, అరచేతులు లేవనివ్వలేదు, దారి లేక గాలి మొత్తం ఒక్కసారిగా గొట్టంలోకి పడింది, ఛాతీలోంచి, నేరుగా, ఎవరి దగ్గరా ఆగకుండా. గట్టిగా గట్టిగా గట్టిగా అని ఆ అమ్మాయి, వెనకనుంచి భార్య కూడా ఎప్పుడు అందుకుందో అందుకుంది, ఇంకా అండీ, ఇంకా, ఇంకా, ఆగకండి, ఉందండీ ఇంకా ఉంది, ఆమె కేక వరండా అంతా వినబడింది, పదిహేనో నంబరు, పదహారో నంబరు తలుపులోంచి తొంగిచూశారు, వాళ్ళూ అరిచారు, కళ్ళముందు నల్లచుక్కలు తిరిగాయి, అయినా ఉంది, సన్నగా, తెగకుండా, చిట్టచివరి పోగుదాకా ఊదాడు.

అరవై ఎనిమిది.

ఆ అమ్మాయి రెండుసార్లు చూసింది, తర్వాత బల్ల గుద్దింది. "అరవై ఎనిమిది బాబాయిగారూ! ఇక మంట దగ్గరే మీరు!" తలుపు దగ్గర చప్పట్లు. భార్య చేతులు ఇంకా బుగ్గలమీదే ఉన్నాయి, వదలమని ఎవరూ చెప్పలేదు మరి. మేస్త్రి క్లిప్పు పీకేసి గుండెలనిండా ఒక్క ఊపిరి పీల్చుకున్నాడు. గెలిచినవాడికి గాలి కూడా రుచిగా ఉంటుందని ఆ క్షణంలో తెలిసింది. ఇరవై లీటర్ల ఫ్లాస్కు, రా, నీ సంగతి చెబుతాను, అనుకున్నాడు.

"ఒక్క కాగితం మిగిలింది" అంది ఆ అమ్మాయి కూర్చుంటూ. "అది నింపితే సంతకం పెట్టేస్తాను. చివరిసారి ఎప్పుడు కాల్చారు?"

మూడు వందల నలభై రెండు రోజులని అనొచ్చు. గొడుగు గొట్టం పగిలిననాటినుంచి లెక్క. మధ్యలో ఒక్క సిగరెట్టు, దానికి సాక్షి లేడు, మలుపు కొట్టువాడికి గుర్తే ఉండదు. అనుంటే ఇంకా గొప్పగా ఉండేది, వరండాలో వినేవాళ్ళు కూడా ఉన్నారు. "రెండు వందల ఇరవై మూడు రోజుల కిందట" అన్నాడు.

కలం ఆగింది. ఆ అమ్మాయి పాత కాగితం తీసి పక్కన పెట్టుకుంది. "పోయినేడు రాసినదాంట్లో ఆరేళ్ళ కిందటే మానేశారని ఉందే?"

"అది అబద్ధమమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆ అమ్మాయి ఒక కాగితాన్ని, ఇంకో కాగితాన్ని చూసి, తలెత్తి మేస్త్రి భార్య వైపు తిరిగింది. "ఇంట్లో చూసేది మీరు కదా పిన్నిగారూ. మీరు చెప్పండి. ఏం రాయమంటారు?"

మేస్త్రి తల తిప్పలేదు. మంటలో గాజు ఎర్రబడ్డాక ఊపిరి బిగబట్టినట్టు అలాగే కూర్చున్నాడు. బుగ్గలమీద చేతులు కదలలేదు.

"నన్నెందుకు అడుగుతారమ్మా, ఆయన చెప్పారుగా" అంది ఆమె. "ఆయన చెప్పిందే రాయండి. రేపు అడిగితే రెండు వందల ఇరవై నాలుగు అంటారు. అదీ రాసుకోండి."